ఆటలోని భయాన్ని పేజీలోకి తేవడం ఎలా: సైన్స్ ఫిక్షన్ హారర్ గ్రాఫిక్ నవల రాసేవారికి, గీసేవారికి

వీడియో గేమ్‌లో తలుపు దానంతట అది తెరుచుకోదు, ఆడేవారే తెరవాలి. 2008లో వచ్చిన డెడ్ స్పేస్‌లో ఇషిమురా అనే గనుల నౌక ఉంటుంది. దీపాలు మినుకుమినుకుమంటున్న దాని నడవల్లో నడుస్తూ ఒక తలుపు ముందు ఆగినప్పుడు, అవతల ఏదో పొంచి ఉన్నదని మనకు తెలుసు. మన బొటనవేలు కదలనంతసేపు కథ కూడా కదలదని తెలుసు. ఆ క్షణంలోని భయంలో సగం బొమ్మది, సగం ఆ వేలిది. అదే సన్నివేశాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద గీస్తే వేలి వంతు పోయి బొమ్మ వంతు మాత్రమే మిగులుతుంది. వీడియో గేమ్‌ల ఆధారంగా వచ్చిన సైన్స్ ఫిక్షన్ హారర్ గ్రాఫిక్ నవలల్లో పేలవంగా తేలిపోయినవి చాలావరకు ఈ లెక్క చూసుకోకనే తేలిపోయాయని నా నమ్మకం.

కాబట్టి ఇలాంటి నవలకు పూనుకున్నవారు మొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ వేలికి బదులుగా పాఠకుడి చేతికి మనం ఏమి ఇస్తున్నాము? నాకు దొరికిన సమాధానాలు రెండు. మొదటిది పేజీ తిప్పడం. అది పూర్తిగా పాఠకుడి చేతిలో ఉన్న పని. రెండవది లెక్కగట్టడం, అంటే ప్రమాదం ఏ నియమం ప్రకారం నడుస్తుందో ముందే తెలుసుకున్న పాఠకుడు, తరువాతి ప్యానెల్‌లో, అంటే పేజీలోని తరువాతి బొమ్మ గడిలో, ఏమి జరగబోతున్నదో తానే ఊహించుకుని బెంబేలు పడడం. కింద చెప్పే సలహాలన్నీ ఈ రెండింటి కోసమే.

ముందు ఆటను చదవాలి

ఆధారంగా తీసుకున్న ఆటను కనీసం రెండుసార్లు ఆడండి. మొదటిసారి మామూలుగా ఆడండి. రెండవసారి పక్కన నోట్‌బుక్ పెట్టుకుని, భయం కలిగిన ప్రతి చోటా ఆట ఆపి, ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో రాసుకోండి. కథ రాసుకోవద్దు, అది ఎటూ గుర్తుంటుంది. వెలుతురు ఎటు నుంచి పడుతున్నది, శత్రువుకూ మనకూ మధ్య ఎంత దూరం ఉన్నది, చివరి శబ్దం ఎప్పుడు వినిపించింది, చేతిలో ఎన్ని తూటాలు మిగిలాయి, ఆట మనకు చూపకుండా దాచినది ఏమిటి, ఇవే రాసుకోవలసినవి.

ఉదాహరణకు డెడ్ స్పేస్‌లో ప్రాణశక్తిని చూపే గీత తెర మూలన ఉండదు. కథానాయకుడు ఐజాక్ క్లార్క్ తొడుక్కున్న సూట్ వెన్నెముక వెంబడి వెలుగుతూ ఉంటుంది. సామాన్ల జాబితా అతని ముందు గాలిలో తెరుచుకుంటుంది, అది తెరిచి ఉన్నంతసేపూ ఆట ఆగదు. మందు వెతుక్కుంటున్నప్పుడు కూడా వెనుక నుంచి ఏదైనా రావచ్చు. ఆడేవారికి కథలోకం బయట నిలబడి ఊపిరి పీల్చుకునే చోటు లేకుండా చేయడమే ఆ రూపకల్పనలోని పరమార్థం.

దీన్ని కాగితం మీదకు తేవాలనుకునే వారు సూట్ వెన్నెముకను అందంగా గీస్తే సరిపోదు. కామిక్స్‌లో కథ బయట నిలబడి మాట్లాడేది క్యాప్షన్ పెట్టె. ప్యానెల్ పై అంచున దీర్ఘచతురస్రంలో కూర్చుని, ఇది ఫలానా చోటు, ఇప్పుడు ఫలానా సమయం, ఇతనికి భయంగా ఉన్నది అని చెప్పేది అదే. దాన్ని తీసివేయండి. చెప్పవలసిన సమాచారాన్ని ఆ లోకంలోని వస్తువుల మీదకు దించండి: తలుపు మీద చెక్కిన అంకె, హెల్మెట్ గాజులో ప్రతిఫలించే హెచ్చరిక, గోడ మీది రాత. శత్రువుల అవయవాలను నరకమనే సలహాను కూడా ఆ ఆట గోడ మీద రక్తంతో రాసి చూపిస్తుంది. చదివేవారికి ఆ సమాచారం అందుతుంది. దానితోపాటు, రాసినవాడు ఏమయ్యాడన్న ప్రశ్న కూడా అందుతుంది. క్యాప్షన్ పెట్టె ఆ రెండవ పని చేయలేదు.

ఏ కథ చెప్పాలి

ఆటలోని కథనే తిరిగి చెప్పకండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. పది గంటలపాటు తన చేతులతో గెలిచినదాన్ని నూరు పేజీల్లో ఇంకొకరు గెలుస్తుంటే చూడడం పాఠకుడికి నష్టమే తప్ప లాభం కాదు. 1996లో మార్వెల్ ప్రచురించిన పదహారు పేజీల డూమ్ కామిక్ ఈ దారిలోనే నడిచింది. అందులో కథానాయకుడు ఒక ఆయుధం నుంచి మరో ఆయుధానికి, ఒక రాక్షసుడి నుంచి మరో రాక్షసుడికి పరుగెత్తుతాడు. ఆటలో ఆ పరుగు మనది. పేజీలో అది అతనిది కాబట్టి భయం మనదాకా రాదు.

దీనికి భిన్నమైన దారిని డెడ్ స్పేస్ కామిక్ చూపింది. ఆంటొనీ జాన్‌స్టన్ రచన, బెన్ టెంపుల్‌స్మిత్ చిత్రాలతో ఇమేజ్ కామిక్స్ 2008లో ఆరు సంచికలుగా, ఆట విడుదల కావడానికి ముందు దాన్ని తెచ్చింది. ఆటలో మనం ఇషిమురా నౌకకు చేరేసరికి జరగవలసిన ఘోరం జరిగిపోయి ఉంటుంది. కామిక్ అంతకు ముందుకు వెళ్లి, ఏజిస్ సెవెన్ అనే గ్రహం మీది కాలనీలో మార్కర్ అనే వస్తువు బయటపడినప్పటి నుంచి కథ ఎత్తుకుంటుంది. కాలనీ భద్రతా దళంలో సార్జెంట్ అయిన న్యూమన్ అందులో ముఖ్యపాత్ర. ఆట ఆడినవారికి ఆ కాలనీ గతి తెలుసు, అయినా భయం తగ్గదు. ఏమవుతుంది అన్న ప్రశ్న పోయి, ఎలా అవుతుంది, ఎవరు ముందు గుర్తిస్తారు, గుర్తించినవారి మాట ఎవరు వింటారు అన్న ప్రశ్నలు వస్తాయి. ఇవి నిదానంగా చదివే మాధ్యమానికి సరిగ్గా సరిపోయే ప్రశ్నలు.

ఇంకొక మార్గం, ఆటలో మనం కాల్చి పడవేసిన వారి పక్షాన నిలబడడం. 2006లో మార్వెల్ ప్రచురించిన హేలో గ్రాఫిక్ నవల ఒక సంకలనం. అందులోని మొదటి కథలో ఫ్లడ్ అనే పరాన్నజీవి పట్టిన ఓడలోకి అడుగుపెట్టేది మనుషులు కారు, ఆటలో మనకు శత్రువులైన కవెనెంట్ యోధులు. ఆటలో ఎదురుపడితే మనల్ని వణికించే వీరులే ఇక్కడ వణుకుతారు. ఎంతటివారికైనా ఇది ప్రాణాపాయమేనన్న సంగతి మాటల అవసరం లేకుండానే తెలిసిపోతుంది.

మీ కథను ఎక్కడ వెతకాలి అంటే, ఆటలో చనిపోయినవారి గొంతుల్లో వెతకమంటాను. ఈ తరహా ఆటలన్నిటిలోనూ మూలమూలనా ఆడియో రికార్డులు, అసంపూర్తిగా ఆగిపోయిన ఉత్తరాలు, తాళం వేసిన గదుల్లో శవాలు ఉంటాయి. ఒక్కొక్కటి అరనిమిషంలో ముగిసే జీవితం. వాటిలో ఒకదాన్ని ఎంచుకోండి. ఎంచుకునే ముందు, ఆ మనిషికి బతికి బయటపడడం కాక ఇంకేదైనా కావాలా అని చూడండి. ద లాస్ట్ ఆఫ్ అస్ అనే ఆటకు ముందుకథగా 2013లో నాలుగు సంచికలుగా వచ్చిన అమెరికన్ డ్రీమ్స్ కామిక్‌లో ఎల్లీ అనే అమ్మాయికి తోడు కావాలి, తాను పెరుగుతున్న గోడల బయట ఏముందో తెలియాలి. శిలీంధ్రం సోకిన మనుషులు ఆ కోరికకు అడ్డు పడతారు కాబట్టే వారి మీద మనకు భయం. కోరిక లేని పాత్రను ఎంతటి రాక్షసుడు తరిమినా అది కేవలం పరుగే.

ఆట అసలే ఆడని పాఠకుడికి మీ కథ అర్థమవుతుందా అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి. నేను మొదట రాసిన స్క్రిప్టులో ఈ తప్పే చేశాను. నాకు ప్రాణంగా ఉన్న ఒక గదిని పేరు చెప్పి వదిలేశాను, ఆట తెలియని మిత్రుడు ఆ పేజీ దగ్గర ఆగి, ఈ గదికి ఇంత ప్రాముఖ్యం ఎందుకని అడిగాడు. సమాధానం ఆటలో ఉన్నది, నా పేజీలో లేదు.

హక్కుల సంగతి తక్కువ మాటల్లో చెబుతాను, కానీ తేలికగా తీసుకోవద్దు. పాత్రలు, పేర్లు, రూపాలు హక్కుదారులవి. వారి అనుమతి లేకుండా పుస్తకం వేసి అమ్మకూడదు. డబ్బు తీసుకోనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కూడా కాదు. అభిమానుల రచనల విషయంలో ఆయా సంస్థలు ప్రకటించిన నిబంధనలు చదవండి. అవి కుదరకపోతే ఆట నుంచి పద్ధతులు నేర్చుకుని, లోకాన్ని సొంతంగా సృష్టించుకోండి.

నియమం లేని రాక్షసుడు భయపెట్టడు

సైన్స్ ఫిక్షన్ హారర్‌కు దెయ్యాల కథకూ ఇక్కడే తేడా. ప్రమాదానికి ఒక యంత్రాంగం ఉండాలి, ఆ యంత్రాంగం పాఠకుడికి తెలియాలి. డెడ్ స్పేస్‌లో నెక్రోమార్ఫ్‌లు శవాల నుంచి పుడతాయి. తల పేల్చినా ఆగవు, కాళ్లు చేతులు తెగితేనే ఆగుతాయి. ద లాస్ట్ ఆఫ్ అస్‌లో శిలీంధ్రం సోకి రూపం మారిపోయిన క్లికర్లకు కళ్లు కనిపించవు. నోటితో టక్కుటక్కుమని శబ్దం చేసి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి దారి తెలుసుకుంటాయి. ఆ ఆటకు ప్రేరణ చీమలకు సోకి వాటి ప్రవర్తననే మార్చివేసే నిజమైన శిలీంధ్ర జాతి.

ఈ నియమాలు ఆటలో ఆడేవారికి పనిముట్లు, నవలలో పాఠకుడికి లెక్కలు. శవం నుంచే ఆ జీవి పుడుతుందని మూడవ అధ్యాయంలో తెలిసిన పాఠకుడు, నాలుగవ అధ్యాయంలో గాయపడిన మిత్రుడిని మోసుకొచ్చి వైద్యశాల బల్ల మీద పడుకోబెట్టే దృశ్యాన్ని మామూలు కళ్లతో చూడలేడు. ఆ గదిలో మీరు ఒక్క భయంకరమైన గీత గీయనక్కరలేదు. చుట్టూ నిలబడినవారు ఓదార్పు మాటలు మాట్లాడుతుంటే, పాఠకుడు ఆ బల్ల మీది చేతివేళ్లనే చూస్తుంటాడు.

ఇందుకు నియమాన్ని వీలైనంత ముందుగా, సంభాషణలో కాక సంఘటనలో చూపాలి. కథాస్థలం నక్షా కూడా అలాగే. నౌక అయినా, సముద్రగర్భంలోని స్థావరం అయినా, మొదటి పది పేజీల్లో ఎవరో ఒకరు దాని పొడవునా నడిచి వెళ్లే సందర్భం కల్పించండి. ఇంజిన్ గది నుంచి తప్పించుకునే పడవ దాకా ఎన్ని తలుపులున్నాయో పాఠకుడి మనసులో ఉంటేనే, తరువాత ఒక తలుపు మూసుకుపోయినప్పుడు గుండె జారుతుంది.

పేజీ తిప్పే చేయి

ఎడమ నుంచి కుడికి చదివే అచ్చు పుస్తకంలో బేసి సంఖ్య పేజీలు కుడివైపున, సరి సంఖ్య పేజీలు ఎడమవైపున వస్తాయి. అంటే పాఠకుడు కాగితం తిప్పగానే చూసేది సరి పేజీ. దాచినది బయటపడవలసిన చోటు అదే. పేజీ తిప్పబుద్ధి పుట్టించవలసిన చోటు బేసి పేజీలోని చివరి ప్యానెల్. రాక్షసుడి మొదటి దర్శనాన్ని కుడి పేజీలో పెట్టారంటే, పాఠకుడు ఎడమ పేజీలోని సంభాషణ చదువుతుండగానే ఓరకంట అది కనిపించిపోతుంది. మీరు కూడబెట్టినదంతా వృథా. అందుకే స్క్రిప్టు రాసేటప్పుడే ప్రతి పేజీకి సంఖ్య వేసి, పక్కన కుడి, ఎడమ అని గుర్తు పెట్టుకోవాలి. ముందు మాటలు, ప్రకటనలు చేరి ఒక్క పేజీ జరిగినా మొత్తం తలకిందులవుతుంది కాబట్టి అచ్చుకు వెళ్లేముందు మరోసారి సరిచూసుకోవాలి. ఫోన్‌లో పైనుంచి కిందికి జరుపుతూ చదివే రూపానికైతే పేజీ ఉండదు. అక్కడ రెండు ప్యానెళ్ల మధ్య వదిలే ఖాళీ పొడవే పేజీ తిప్పడంతో సమానం. తెర ఎత్తుకు మించి ఖాళీ నలుపు వదిలితే, పాఠకుడి వేలు చీకట్లో కాసేపు నడుస్తుంది. కంట్రోలర్ మీది బొటనవేలికి అదే అన్నిటికంటే దగ్గరి చుట్టం.

పేజీ లోపల ప్యానెళ్ల పని వేరు. 2017లో వచ్చిన ప్రే ఆటలో మిమిక్ అనే జీవులు పక్కనున్న వస్తువుల రూపం ధరిస్తాయి. కాఫీ కప్పు కావచ్చు, కుర్చీ కావచ్చు. ఆ ఆట ఆడిన తరువాత చాలాసేపు మామూలు గదుల్లోని వస్తువులను కూడా లెక్కపెడుతూ ఉంటాము. ఇది కామిక్స్ కోసమే పుట్టిందా అన్నంత చక్కని ఆలోచన, ఎందుకంటే పక్కపక్కన ఉన్న రెండు బొమ్మలను పోల్చి చూసే వీలు ఆటకంటే పేజీకే ఎక్కువ.

ఒక పేజీ ఊహించండి. ఆరు సమానమైన ప్యానెళ్లు, ఆరింటిలోనూ ఒకే కోణంలో ఒకే బల్ల. మొదటి దానిలో ఒక స్త్రీ బల్ల ముందు కూర్చుని నివేదిక రాస్తున్నది, ఆమె కుడిచేతి పక్కన ఒక కప్పు. రెండవ దానిలో ఆమె తల తిప్పి తలుపు వైపు ఎవరితోనో మాట్లాడుతున్నది. మూడవ దానిలో మళ్లీ రాత. బల్ల మీద రెండు కప్పులు. నాలుగవ దానిలో ఆమె చేయి చాపి, చూడకుండానే ఒక కప్పు అందుకుని తాగుతున్నది. అయిదవ దానిలో ఆ కప్పు కింద పెట్టింది. ఆరవ దానిలో చూపు కాగితం మీదే ఉండగా, చేయి రెండవ కప్పు వైపు చాచింది. పేజీ అయిపోయింది. ఇందులో శబ్దం లేదు, నీడలు లేవు, కెమెరా కదలలేదు. మూడవ ప్యానెల్‌లో రెండవ కప్పును గమనించిన పాఠకుడు నాలుగవ దాని దగ్గరే ఊపిరి బిగపడతాడు. గమనించనివాడు పేజీ తిప్పాక జరిగినది చూసి, వెనక్కి వచ్చి కప్పులు లెక్కపెడతాడు. ఇద్దరి చేతా మీరు పని చేయించినట్టే. అయితే ఈ ఎత్తు ఫలించాలంటే రెండవ కప్పును ప్రత్యేకమైన రంగుతోగాని గీతతోగాని ఎత్తి చూపకూడదు. చిత్రకారులకు ఆ నిగ్రహం కష్టం, కానీ తప్పదు.

చీకటి, శబ్దం

చీకటి గీయడం అంటే నలుపు పూయడం కాదు. వెలుతురు ఎక్కడిదో తేల్చుకోవడం. ప్రతి ప్యానెల్‌లో కాంతికి ఒక పుట్టుచోటు నిర్ణయించి, అది తాకినంత మేరకే గీయండి. చేతిదీపం వెలుగులో సగం ముఖం, ఒక మోచేయి, తడి నేల కనిపిస్తే చాలు. రాక్షసుడిని కూడా ముక్కలుగానే చూపాలి, నిండు రూపాన్ని ఎంత ఆలస్యంగా చూపితే అంత మంచిది. టెంపుల్‌స్మిత్ గీతలో మసకబారిన రంగులు, చిందరవందరగా పాకే గీతలు ఉన్నా, ఎవరు ఎక్కడ నిలబడ్డారో మొత్తానికి తెలుస్తుంది. చిత్రలేఖనంలా రంగులద్దిన పేజీల్లో వాతావరణం ఇంకా చిక్కగా వస్తుంది, కానీ హెల్మెట్లు పెట్టుకున్న నలుగురిలో ఎవరెవరో తెలియక పాఠకుడు వెనక్కి తిరిగి వెతుక్కుంటే భయం అక్కడే చల్లారుతుంది. కాబట్టి ప్రతి పాత్రనూ మొదట పూర్తి నల్లని నీడగా గీసి చూడండి. నీడను బట్టి గుర్తుపట్టలేకపోతే భుజాలో, నడకో, చేతిలోని పనిముట్టో మార్చండి. అచ్చులో బొమ్మ తెర మీద కంటే చీకటిగా వస్తుందని కూడా మరువవద్దు. ముదురు పేజీలను ఒకటి రెండు ముందుగా అచ్చు వేయించి చూసుకుంటే తరువాత బాధ ఉండదు.

శబ్దం లేని మాధ్యమంలో శబ్దంతో భయపెట్టడం సాధ్యమే. 2014లో వచ్చిన ఏలియన్: ఐసొలేషన్‌లో కదలికను పసిగట్టే పరికరం ఒకటి ఉంటుంది, ఏదైనా దగ్గర పడుతున్న కొద్దీ దాని మోత వేగం పెరుగుతుంది. అలాంటిదాన్ని పేజీలోకి తెచ్చేటప్పుడు అక్షరాలు పెద్దవి చేసుకుంటూ పోకండి. ప్రతి ప్యానెల్‌లో ఒకే మూలన, ఒకే పరిమాణంలో, చిన్నగా ఒక శబ్దాక్షరం పెట్టండి. తరువాతి వరుసలో రెండు, ఆ తరువాత నాలుగు. పాఠకుడి కన్ను దానికి అలవాటు పడ్డాక, ఒక ప్యానెల్‌లో ఆ మూలను ఖాళీగా వదిలేయండి. వాయువు లేని చోట జరిగే సన్నివేశాల్లో శబ్దాక్షరాలన్నీ తీసివేసి, ఊపిరిని మాత్రం ఉంచవచ్చు. డెడ్ స్పేస్‌లో అలాంటి చోట్ల బయటి ధ్వనులు అణగిపోయి, సూట్ లోపలి శ్వాస మాత్రమే దగ్గరగా వినిపిస్తుంది.

తెలుగులో లెటరింగ్, అంటే బొమ్మల్లో మాటలు రాసి అమర్చే పని, చేసేవారికి ఒక చిన్న మాట. వత్తులు, గుణింతాలు పంక్తికి పైనా కిందా చోటు అడుగుతాయి కాబట్టి, ఇంగ్లిష్ కొలతలతో గీసిన మాటల బెలూన్‌లో తెలుగు ఇరుక్కుంటుంది. మాటలు తగ్గించండి, బెలూన్‌ను బొమ్మ గీయకముందే అమర్చండి. ఇంగ్లిష్‌లోలా పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు మనకు లేవు గనుక కేకను అక్షరం మందంతో, పరిమాణంతో చూపాలి. గుసగుసను పెద్ద బెలూన్‌లో చిన్న అక్షరాలతో చూపితే చుట్టూ మిగిలిన తెల్లని ఖాళీయే నిశ్శబ్దమవుతుంది.

నమూనా పుస్తకం

తుది గీతలకు దిగకముందు, అన్ని పేజీలనూ చిన్న చిన్న ముతక బొమ్మలుగా గీసి, కాగితాలు మడిచి కుట్టి, నిజంగా తిప్పి చదవగల పుస్తకం ఒకటి తయారు చేయండి. తెర మీద వరుసగా చూసినప్పుడు దాగిపోయే లోపాలు ఇందులో బయటపడతాయి. దాన్ని ఆ ఆట పేరు కూడా వినని ఒకరి చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా ఎదురుగా కూర్చోండి. బాగుందా అని అడగవద్దు. ముఖం కూడా చూడనక్కరలేదు. చేతులు చూడండి. ఏ పేజీ దగ్గర వేళ్లు తొందరపడ్డాయి, ఎక్కడ వెనక్కి తిప్పారు, ఎక్కడ నాలుగు కాగితాలు ఒకేసారి దాటించారు అన్నది పేజీ సంఖ్యలతో రాసుకోండి. దాటించిన చోట్ల కథ వదులుగా ఉన్నట్టు. వెనక్కి తిప్పిన చోట్ల వారు కప్పులు లెక్కపెట్టుకుంటున్నారో, బొమ్మ అర్థంకాక వెతుక్కుంటున్నారో అడిగి తెలుసుకోండి. మీరు తలుపు దాచిపెట్టిన బేసి పేజీ దగ్గరకు వచ్చాక, కాగితం కింది మూలను వేళ్ల మధ్య పట్టుకుని, ఎత్తకుండా వారు ఒక్క క్షణం ఆగితే, ఆ పేజీని ఇక ముట్టుకోకండి.